అయిదో సింఫనీ తొమ్మిదోది ఎలా అయింది?

1953లో ఆర్కెస్ట్రా నిర్వాహకుడు టోస్కానినీ చేతిలో రికార్డయిన ఆంతోనిన్ ద్వోర్జాక్ ‘న్యూ వరల్డ్’ సింఫనీ (పెద్ద వాద్యబృందం కోసం భాగాలుగా రాసే రచన) పాత ఎల్పీ, అంటే గ్రామఫోన్ రికార్డు, ఎక్కడైనా కనబడితే అట్ట చూడండి. అయిదో సింఫనీ అని ఉంటుంది. ఇప్పుడు అదే రచనను అందరూ తొమ్మిదోది అంటున్నారు.

ఈ తికమకలో పెద్ద వాటా బెర్లిన్ ప్రచురణకర్త సిమ్రాక్‌దే. జర్మన్ స్వరకర్త బ్రామ్స్ సిఫారసుతో ఆయన ఈ చెక్ స్వరకర్తను చేరదీశాడు. 1878లో అచ్చయిన ‘స్లావిక్ నృత్యాలు’ విరగబడి అమ్ముడుపోయాయి. అప్పటికే ద్వోర్జాక్ అయిదు సింఫనీలు రాశాడు, ఒక్కటీ అచ్చు కాలేదు. 1880లో రాసిన డి మేజర్ సింఫనీ (సింఫనీలను ఇలా శ్రుతి పేరుతోనూ పిలుస్తారు) నిజానికి ఆరోది. అచ్చయినవాటిలో మొదటిది కనుక ఒకటో నంబరు పడింది. తర్వాతి డి మైనర్ రెండోదైంది. ఇంతవరకు అర్థం చేసుకోవచ్చు. 1888లో చేసిన పనిని మాత్రం వ్యాపారపు గడుసుతనం అనక తప్పదు. 1875 నాటి ఎఫ్ మేజర్ సింఫనీని తాజా సరుకులా చూపడానికి, స్వరకర్త కోరిన ఓపస్ (రచనల వరుస సంఖ్య) 24ను కాదని 76 వేసి, మూడోదిగా అమ్మకానికి పెట్టాడు.

జి మేజర్‌కు సిమ్రాక్ 1000 మార్కులే ఇస్తాననడంతో ద్వోర్జాక్‌కు ఒళ్లు మండి, దాన్ని లండన్‌లోని నోవెల్లో సంస్థకు ఇచ్చేశాడు. అది నాలుగోది. 1893 డిసెంబరులో న్యూయార్క్‌లో తొలిసారి వినిపించిన ‘న్యూ వరల్డ్’ మరుసటి ఏడాది అయిదోదిగా అచ్చయింది.

విచిత్రమేమిటంటే, రాతప్రతి మీద ద్వోర్జాక్ వేసుకున్న అంకె ఎనిమిది! 1865లో రాసిన తొలి సింఫనీని జర్మనీలో ఒక పోటీకి పంపితే తిరిగి రాలేదు. పోయిందనుకుని లెక్కలోంచి తీసేశాడు. ఆయనతో బంధుత్వం లేని, అదే ఇంటిపేరున్న ఒక పండితుడు 1882లో లైప్‌జిగ్ పాత పుస్తకాల దుకాణంలో దాన్ని కొన్నాడు. సంగతి బయటపడింది 1923లో, తొలి ప్రదర్శన 1936లో చెక్ నగరం బ్రనోలో. స్వరకర్త 1904లోనే కన్నుమూశాడు.

రాసిన వరుసలో తొమ్మిదింటినీ శ్రోతల ఇళ్లకు చేర్చింది ఎల్పీలే. 1963–66 మధ్య నిర్వాహకుడు ఇష్త్వాన్ కెర్తేస్ లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో డెక్కా సంస్థకు అన్నీ రికార్డు చేశాడు. కూబెలిక్, నాయ్‌మన్ అనే మరో ఇద్దరు నిర్వాహకుల సంపుటాలు ఆ తర్వాతివి. నా మటుకు కెర్తేస్ సంపుటిలో ముందు వినవలసింది మూడో సింఫనీ. మూడే భాగాలు. నడిమి భాగం నెమ్మదిగా సాగే శోకయాత్ర. హార్ప్ అనే తంత్రీవాద్యం మోగగానే జర్మన్ ఒపెరా స్వరకర్త వాగ్నర్ ప్రభావం దాచినా దాగదు. 1874లో ప్రాగ్‌లో మరో చెక్ స్వరకర్త స్మెతానా నిర్వహించిన ఈ రచన పాత లెక్కలో అసలు లేనే లేదు.

కొంతకాలం అట్టల మీద కొత్త నంబరు పక్కనే పాతదీ వేశారు. సిమ్రాక్ తగిలించిన ఓపస్ 76 మాత్రం నేటికీ ఆ ఎఫ్ మేజర్‌ను, అంటే ఇప్పటి అయిదో సింఫనీని, వదల్లేదు.