లంఖణం ఈ పిల్లలకు ఔషధం కాదు: యూరియా సైకిల్ లోపం, ఆసుపత్రిలో ఇంటివాళ్ల పని

ప్రోటీన్ విరిగినప్పుడు అమ్మోనియా పుడుతుంది. కాలేయం దాన్ని యూరియాగా మార్చి మూత్రంలోకి పంపేస్తుంది. యూరియా సైకిల్ లోపం ఉన్న పిల్లల్లో ఆ పని సరిగా జరగదు. మామూలు జ్వరం, రెండు వాంతులు చాలు, అమ్మోనియా పెరిగి మెదడు మీద దెబ్బ కొడుతుంది. రాత్రి రెండింటికి క్యాజువాలిటీలో ఉన్న డ్యూటీ డాక్టరు ఈ జబ్బు గురించి చదివి ఉంటారు గానీ, ఇలాంటి పిల్లను ఎన్నడూ చూసి ఉండకపోవచ్చు. అందుకే అక్కడ తల్లిదండ్రులు చెప్పే మాట కూడా వైద్యంలో భాగమే.

అపోహ: వాంతులు తగ్గేదాకా కడుపు మాడ్చాలి. లంఖణం పరమౌషధం.

వాస్తవం: తిండి ఆగితే ఒళ్లు తన కండనే కరిగించుకుంటుంది. కండ కూడా ప్రోటీనే కాబట్టి ఏమీ తినకపోయినా అమ్మోనియా పెరుగుతూనే ఉంటుంది. నోటితో ఏమీ ఇవ్వొద్దన్నారంటే నరం ద్వారా గ్లూకోజ్ వెంటనే మొదలు కావాలి. ఉత్త నార్మల్ సెలైన్‌లో గ్లూకోజ్ ఉండదు. సాధారణంగా 10 శాతం డెక్స్‌ట్రోజ్‌లో తగినంత సోడియం, పొటాషియం కలిపి ఎక్కిస్తారు. 10 కిలోల పిల్లకు అది గంటకు 60 మి.లీ. ఎక్కితే 6 గ్రాముల గ్లూకోజ్ అందుతుంది, అంటే కిలో బరువుకు నిమిషానికి 10 మిల్లీగ్రాములు. అదే వేగంతో 5 శాతం బాటిల్ పెడితే అందేది సగమే. మోతాదు నిర్ణయించేది డాక్టరే, కానీ బాటిల్ మీద అంకె చదివి అడగడం మీ పని.

"షుగర్ బాగానే ఉంది, గ్లూకోజ్ ఎందుకు?" అని డ్రిప్ తగ్గించే ప్రమాదం ఉంది. ఇక్కడ గ్లూకోజ్ ఇచ్చేది షుగర్ పెంచడానికి కాదు, కండ కరగకుండా చూడటానికి. స్కానింగ్‌కు తీసుకెళ్తూ డ్రిప్ తీసేసినా, సూది ఊడి గంటసేపు ఎవరూ చూడకపోయినా అదే నష్టం. దాన్ని ముందుగా కనిపెట్టగలిగేది మంచం పక్కన కూర్చున్న మనిషే.

అపోహ: రక్తం తీశారంటే అమ్మోనియా లెక్క సరిగ్గా వచ్చినట్టే.

వాస్తవం: ఇంత సున్నితమైన పరీక్షలు తక్కువ. పట్టీ గట్టిగా బిగించి, పిల్ల గింజుకుంటుండగా తీసిన రక్తంలో అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. శాంపిల్‌ను ఐస్‌లో పెట్టి పావుగంటలో ల్యాబ్‌కు చేర్చాలి. ఆలస్యమైతే ట్యూబులోనే అమ్మోనియా పెరిగిపోతుంది. రిపోర్టులో యూనిట్ కూడా చూసి డైరీలో రాసుకోండి. లీటరుకు 100 మైక్రోమోల్ అన్నా, డెసీలీటరుకు 170 మైక్రోగ్రాములు అన్నా ఒకటే. యూనిట్ చూడకుండా నిన్నటి అంకెతో పోలిస్తే లేని భయమో, లేని ధైర్యమో కలుగుతుంది. ఫలితం కోసం గ్లూకోజ్ ఆపి కూర్చోకూడదు.

అపోహ: ప్రోటీనే విషమైతే పూర్తిగా మానేస్తే పోయె.

వాస్తవం: అమ్మోనియా పెరిగినప్పుడు ప్రోటీన్ ఆపేది 24 నుంచి 48 గంటలే. అంతకు మించితే మళ్లీ కండ కరగడం మొదలవుతుంది. తిరిగి ఎప్పుడు, ఎన్ని గ్రాములు మొదలుపెట్టాలో డైటీషియన్‌ను రోజూ అడగండి.

అపోహ: డాక్టరుకు మనం చెప్పడమేంటి, కోప్పడతారు.

వాస్తవం: నోటితో చెప్పడానికి జంకు ఉంటే కాగితం చూపించండి. మీ స్పెషలిస్టు చేత ఒకే పేజీలో రాయించి, లామినేషన్ చేయించి, ఫొటో ఫోన్‌లో పెట్టుకోండి. జబ్బు పేరు, తాజా బరువు, ఏ డ్రిప్ ఎంత వేగంతో, ఏ పరీక్షలు, రోజువారీ మందులు, స్పెషలిస్టు నంబరు అందులో ఉండాలి. వాడకూడని మందులు ఎర్ర సిరాతో రాయించండి. ఫిట్స్‌కు వాడే సోడియం వాల్‌ప్రోయేట్ ఈ పిల్లలకు అమ్మోనియాను పెంచుతుంది. బరువు మారినప్పుడల్లా కాగితమూ మారాలి.

ఇంకో మాట. "పిల్ల తీరు మారింది, మత్తుగా ఉంది, ఊరికే చిరాకు పడుతోంది" అని అమ్మ అంటే దాన్ని కేస్ షీట్‌లో రాయమని అడగండి. అమ్మోనియా పెరుగుతోందనడానికి తొలి గుర్తు అదే కావచ్చు.

అపోహ: తల్లి పక్కనుంటే చాలు.

వాస్తవం: నిద్ర లేని తల్లి ఒక్కతే అన్నీ కనిపెట్టలేదు. నాన్నో, అమ్మమ్మో, ఇంకెవరో ఇదంతా నేర్చుకుని ఉండాలి. మనిషి మారేటప్పుడు డైరీ చేతులు మారాలి. చూడటానికొచ్చిన బంధువులు ప్రేమతోనే పాలు తాగిస్తారు. 200 మి.లీ. ఆవుపాలలో 6 గ్రాములకు పైగా ప్రోటీన్ ఉంటుంది. రోజుకు 12 గ్రాములే రాసిన పిల్లకు అది సగం. అడగకుండా ఏమీ తినిపించొద్దని మంచం దగ్గర బోర్డు పెట్టించండి.

అపోహ: ఇది తల్లి వైపు నుంచి వచ్చిన దోషం.

వాస్తవం: ఎక్కువ రకాల్లో తల్లి, తండ్రి ఇద్దరూ జన్యువు మోస్తారు. ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం ఉంటుంది. ఓటీసీ (ఆర్నిథిన్ ట్రాన్స్‌కార్బమైలేజ్ అనే ఎంజైమ్) లోపం అనే రకం మాత్రం ఎక్స్ క్రోమోజోమ్ మీదుగా వస్తుంది. అందులోనూ తల్లి చేసిన తప్పేమీ లేదు. పిల్ల జన్యు రిపోర్టు దాచి ఉంచుకుంటే తర్వాతి గర్భంలో 11 నుంచి 13 వారాల మధ్య మావి ముక్కతో పరీక్ష చేయించుకోవచ్చు. కౌన్సెలింగ్‌కు హైదరాబాద్ నిమ్స్‌లో అడగండి. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద సీడీఎఫ్‌డీ (హైదరాబాద్‌లోని డీఎన్ఏ పరీక్షల సంస్థ)తో కలిపి దాన్ని కేంద్రంగా గుర్తించారు. ఆర్థిక సాయానికి పేరు నమోదు కూడా అక్కడే.