గట్టర్‌లో పడవ పందెం: పిల్లల రెగట్టా గురించి అపోహలు - వాస్తవాలు

ప్రతి ఏడూ మా ప్యాక్‌లో, అంటే మా స్కౌట్ పిల్లల బృందంలో, పడవ కిట్లు పంచిన రాత్రే నా వాట్సాప్‌లో ప్రశ్నలు మొదలవుతాయి. "అన్నా, చుక్కాని అతికించెయ్యాలా, వదులుగా ఉంచాలా?" "అన్నయ్యగారూ, మావాడికి ఆరేళ్లే, గరుకు కాగితం చేతికివ్వచ్చా?" డాలస్ శివార్లలో కబ్ స్కౌట్లకు డెన్ లీడర్‌గా ఉంటున్నాను. డెన్ అంటే ప్యాక్‌లో ఒకే తరగతి పిల్లల చిన్న జట్టు. అయిదేళ్లుగా రెయిన్‌గట్టర్ రెగట్టా ఏర్పాట్లు నావే. మా ప్యాక్‌లో తెలుగు కుటుంబాలు ఏటా పెరుగుతున్నాయి. అవే సందేహాలు, అవే పొరపాట్లు మళ్లీ మళ్లీ చూస్తున్నాను కాబట్టి ఒక్కచోట రాసిపెడుతున్నాను.

కొత్తగా చేరినవాళ్ల కోసం రెండు మాటలు. 2025 ఫిబ్రవరి దాకా బాయ్ స్కౌట్స్ ఆఫ్ అమెరికా అని పిలిచిన సంస్థే ఇప్పుడు స్కౌటింగ్ అమెరికా. అందులో కిండర్‌గార్టెన్ నుంచి అయిదో తరగతి వరకు ఉన్న పిల్లలు కబ్ స్కౌట్లు. రెగట్టా అంటే, ఇళ్ల చూరు నుంచి వాన నీళ్లు దిగే గట్టర్లు ఉంటాయి కదా, అలాంటివి 10 అడుగులవి రెండు పక్కపక్కన బల్లల మీద పెట్టి, నీళ్లు నింపి, పిల్లలు తాము చేసుకున్న 7 అంగుళాల బల్సా చెక్క పడవలను స్ట్రాతో ఊదుకుంటూ ఈ చివరి నుంచి ఆ చివరికి తీసుకెళ్లడం. చేత్తో తోయకూడదు. ఊపిరే గాలి.

అపోహ: ఇది పైన్‌వుడ్ డెర్బీకి చిన్న తమ్ముడు. నాన్న బాగా చేసిస్తే పిల్లాడు గెలుస్తాడు.

పైన్‌వుడ్ డెర్బీ 1953లో కాలిఫోర్నియాలోని మాన్‌హట్టన్ బీచ్‌లో డాన్ మర్ఫీ అనే కబ్‌మాస్టర్ (ప్యాక్ నాయకుడు) మొదలుపెట్టిన చెక్క కార్ల పందెం. అక్కడ కారును ట్రాక్ మీద పెట్టాక పిల్లాడికి పనేమీ ఉండదు. భూమ్యాకర్షణే లాక్కెళ్తుంది, గెలుపోటములు గరాజ్‌లోనే తేలిపోతాయి. అందుకే ఆ పందెంలో తండ్రుల చెయ్యి ఎక్కువగా కనిపిస్తుంది.

పడవ అలా కాదు. చివరి అంగుళం దాకా బిడ్డే నడపాలి. తండ్రి అద్దంలా నునుపు చేసిచ్చిన పడవ రెండుసార్లు గోడకు తగిలి ఆగిపోవడం, ఆరేళ్ల పాప వంకర తెరచాపతో నింపాదిగా ఊదుకుంటూ దాటిపోవడం ప్రతి ఏడూ చూస్తూనే ఉన్నాను. బల్సా చాలా మెత్తటి కర్ర, గోరుతో నొక్కితే గుంట పడుతుంది. దీనికి కత్తి అక్కర్లేదు. గరుకు కాగితం ఇచ్చి ముందు కొసను గుండ్రంగా రుద్దమంటే కిండర్‌గార్టెన్ పిల్లలు కూడా చేసేస్తారు. అమ్మానాన్నలకు నేను రెండే పనులు అప్పజెబుతాను: వేడి జిగురు గన్ పట్టుకోవడం, వార్నిష్ వెయ్యడం.

అపోహ: గట్టిగా ఊదినవాడిదే గెలుపు.

అన్నింటికన్నా బలంగా పాతుకుపోయింది ఇదే. పిల్లలకంటే పక్కన నిలబడి "ఊదు, ఊదు, ఇంకా గట్టిగా" అని అరిచే పెద్దలే దీన్ని ఎక్కువ నమ్ముతారు.

నీళ్లను చీల్చుకుంటూ పోయే ఏ పడవకైనా దాని పొడవు ఒక హద్దు పెడుతుంది. ముందుకు వెళ్తూ అది లేపే అల, వేగం పెరిగేకొద్దీ పొడవవుతుంది. అల పొడవు పడవ పొడవంత అయ్యేసరికి పడవ తన అలనే ఎక్కుతున్నట్టు కష్టపడాలి. 19వ శతాబ్దంలో విలియం ఫ్రూడ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు తొట్టెల్లో నమూనా పడవలు లాగి ఈ నిరోధాన్ని కొలిచాడు. నావికులు వాడే లెక్క ఇది: నీటిని తాకే పొడవును అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే నాట్లలో వేగం. మన 7 అంగుళాల పడవకు అది దాదాపు 1 నాట్, అంటే సెకనుకు అర మీటరు. 10 అడుగులు దాటడానికి ఆరు సెకన్లు. దాన్ని మించి తోయాలంటే చాలా బలం కావాలి, ఆ బలానికి పడవ ముక్కు నీళ్లలో మునుగుతుంది లేదా పడవ పక్కకు ఒరుగుతుంది.

కాబట్టి నేర్పాల్సింది గురి. స్ట్రా కొస తెరచాపకు సరిగ్గా వెనకాల, రెండు మూడు అంగుళాల దూరంలో ఉండాలి. ఊపిరి తెరచాప సగానికి కొంచెం కిందగా తగలాలి. పైభాగానికి తగిలితే ముక్కు కిందికి పోతుంది. పక్కనుంచి తగిలితే పడవ గట్టర్ గోడకు రాసుకుంటుంది. పొడుగ్గా ఉన్న నాలుగో, అయిదో తరగతి పిల్లలు నడుం వంచకుండా పైనుంచి ఊదుతారు. అప్పుడు ఊపిరిలో సగం పడవను కిందికి నొక్కడానికే సరిపోతుంది. పడవతో పాటే పక్కన నడుస్తూ, పాలు చల్లార్చేటప్పుడు ఊదినట్టు పొడవుగా, ఆగకుండా ఊదాలి. ఈ ఒక్క పోలిక చెప్పాక పిల్లలు మారిపోవడం నా కళ్లతో చూశాను.

ఇంకో సంగతి చాలా ముఖ్యం. బుగ్గలు ఉబ్బించి పదే పదే ఊదితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది, మెదడుకు వెళ్లే రక్తనాళాలు కుంచించుకుపోతాయి, కళ్లు తిరుగుతాయి. ఏ పిల్లనూ వరసగా రెండు హీట్లు, అంటే రెండు విడి పందేలు, ఊదనివ్వను. గట్టర్ చివర రెండు కుర్చీలు వేయిస్తాను. ఆస్తమా ఉన్న పిల్లల తల్లిదండ్రులతో వారం ముందే మాట్లాడతాను. ఊపిరి బదులు విసనకర్రో, గట్టిగా నొక్కితే గాలి చిమ్మే ఖాళీ ప్లాస్టిక్ సీసానో ఇస్తే ఆ బిడ్డా అందరితో సమానంగా పోటీ చేస్తుంది. ఇందులో మినహాయింపు అనే మాటే రానివ్వను. అదీ ఒక రకం గాలే.

అపోహ: తెరచాప ఎంత పెద్దదైతే అంత వేగం.

పెద్ద తెరచాపకు ఎత్తు కావాలి. ఎత్తు పెరిగితే ఒరిగే గుణం పెరుగుతుంది. పడవ అడుగున నిలువుగా బిగించే పలక, కీల్, ఉన్నది ఈ ఒరుగును ఆపడానికి, దారి తప్పకుండా చూడటానికి. కీల్‌ను నిలువుగా, సరిగ్గా నడిమి గీత మీద బిగించడం తెరచాప సైజుకంటే వందరెట్లు ముఖ్యం. ఇక వాట్సాప్ ప్రశ్నకు జవాబు: చుక్కానిని తిన్నగా పెట్టి అతికించెయ్యండి. వదులుగా ఉంటే అటూ ఇటూ తిరిగి పడవను గోడకు కొడుతుంది.

అపోహ: ఏ జిగురైనా, ఏ రంగైనా పర్వాలేదు.

నేను చూసుకున్న మొదటి రెగట్టాలో జరిగింది ఇది. రెండో తరగతి బాబు ఒకడు నీలం రంగు పడవ మీద తెల్లటి అక్షరాలతో తెలుగులో "అమ్మమ్మ" అని రాసుకొచ్చాడు. ఆదివారం బడిలో అప్పుడే ఒత్తులు నేర్చుకున్నాడట. మొదటి హీట్ గెలిచాడు. రెండోదానికి వచ్చేసరికి పడవ చుట్టూ నీళ్లు లేత నీలంగా మారాయి. అక్షరాలు కారి, మకారం కింద ఒత్తు ముందు పోయింది. స్కూల్లో వాడే తెల్ల జిగురు నీళ్లలో పాలలా తేలుతోంది. సగం దారిలో కీల్ ఊడి గట్టర్ అడుగుకు పోయింది, పడవ పక్కకు పడుకుంది. వాడు ఏడవలేదు. చొక్కా చెయ్యి మోచేతి దాకా తడుపుకుని నీళ్లలో కీల్ కోసం వెతుక్కున్నాడు. అది దొరికాక నా వైపు చూశాడు. నా దగ్గర అతికించడానికి ఏమీ లేదు.

ఆ తప్పు నాది. కిట్‌తో పాటు ఏ జిగురు వాడాలో రాసివ్వలేదు. ఇప్పుడు ప్రతి కిట్‌లో తెలుగులో, ఇంగ్లీషులో ఒక చీటీ పెడుతున్నాను. పోస్టర్ రంగులు నీళ్లలో కరుగుతాయి. అక్రిలిక్ రంగు వేసి, ఆరాక పైన పారదర్శక వార్నిష్ రెండు పూతలు వెయ్యండి. పడవ అడుగున కూడా వెయ్యాలి. రంగు వెయ్యని బల్సా స్పాంజిలా నీళ్లు పీల్చి ఒక పక్కకు బరువెక్కుతుంది. తెల్ల జిగురు వద్దు. నీళ్లకు తట్టుకుంటుందని సీసా మీద రాసి ఉన్నదే వాడండి. ఒక రోజంతా ఆరనివ్వండి. పందేనికి రెండు రోజుల ముందు బాత్‌టబ్‌లో అరగంట తేలనిచ్చి చూడండి, ఏదైనా ఊడితే బాగు చేసుకుని మళ్లీ ఆరబెట్టుకునే వ్యవధి ఉంటుంది. నా పెట్టెలో వేడి జిగురు గన్, గట్టి టేపు, నాలుగు అదనపు కీల్‌లు, ఒక తువ్వాలు ఎప్పుడూ ఉంటాయి.

అపోహ: గట్టర్ బల్ల మీద పెట్టి నీళ్లు పోస్తే అయిపోయింది.

ఇళ్లకు మామూలుగా వాడే 5 అంగుళాల గట్టర్ 10 అడుగులది నిండా నింపితే 40 లీటర్ల పైనే పడుతుంది. అంటే 40 కిలోల పైచిలుకు బరువు. రెండు గట్టర్లకు 80 కిలోలు. మడత బల్లల కాళ్లకు గడియ పడిందో లేదో వంగి చూడాల్సిందే. చివరి మూతలకు సిలికాన్ పూసి కనీసం ఒక రోజు ఆరనివ్వాలి, తర్వాత ఇంట్లోనే నీళ్లు పోసి చూసుకోవాలి. హాల్లో కారడం మొదలయ్యాక చేయగలిగింది పెద్దగా ఉండదు.

మట్టం సంగతి ఒక టైగర్ పాప (ఒకటో తరగతి కబ్ స్కౌట్) నాకు నేర్పింది. ఆ ఏడు ఎడమ గట్టరే వరసగా గెలుస్తోంది. నేను స్కోరు కాగితం చూసుకుంటున్నాను. ఆ పాప వచ్చి, "అంకుల్, ఆ పక్కది నేలకు రాసుకుంటోంది" అంది. వంగి చూస్తే నిజమే. హాలు నేల కాస్త వాలుగా ఉంది. కుడి గట్టర్ నీళ్లన్నీ ఆ చివరకు చేరాయి, మొదట్లో లోతు చాలక కీల్ గీసుకుంటూ పోతోంది. అప్పటికి తొమ్మిది హీట్లు అయిపోయాయి. అన్నీ మళ్లీ పెట్టాం.

ఇప్పుడు తాపీ మేస్త్రిలా రసమట్టం తీసుకెళ్తాను. అది లేకపోయినా నీళ్లే మట్టం చెప్తాయి: గట్టర్ అంచు నుంచి నీటి పైకి రెండు చివర్లా స్కేలుతో కొలవండి. తేడా ఉంటే బల్ల కాళ్ల కింద చెక్క ముక్కలు పెట్టండి. నీళ్లు అంచుకు అర అంగుళం కింద దాకా నింపితే మంచిది. గట్టర్ పైకి వెళ్లేకొద్దీ వెడల్పవుతుంది, పడవకు చోటు దొరుకుతుంది. ఎంత సరిచూసినా రెండు గట్టర్లు అచ్చంగా ఒకేలా ఉండవు. అందుకే ప్రతి జంటనూ పక్కలు మార్చి రెండుసార్లు పోటీ పెట్టండి, చెరొకటి గెలిస్తే బొమ్మా బొరుసూ వేసి ఎవరిది ఏ పక్కో తేల్చి మూడోది. ఒక పందెం ముగియగానే రెండోది మొదలుపెట్టకండి. ఆ ఇరుకు గట్టర్‌లో అలలు గోడలకు కొట్టుకుని వెనక్కి వస్తుంటాయి. నీళ్లు నిమ్మళించేదాకా ఆగండి.

అపోహ: ఓడినవాళ్లు ఔట్ అంటే త్వరగా ముగుస్తుంది, అందరికీ సుఖం.

త్వరగా ముగిసే మాట నిజం. 16 మంది పిల్లలుంటే 15 పోటీలతో విజేత తేలిపోతాడు. కానీ అందులో 8 మంది ఒక్కసారే ఊది, పది సెకన్లలో పని అయిపోయి, మిగతా సాయంత్రం కుర్చీల్లో కూర్చుంటారు. రెండు వారాలు రుద్ది, రంగు వేసి, పేరు పెట్టుకున్న పడవ అది! ఈ పద్ధతి పెట్టే ప్యాక్‌లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

రెండుసార్లు ఓడితేనే ఔట్ అంటే అదే 16 మందికి 30 లేదా 31 పోటీలు. ఒక్కోదానికి నిమిషం వేసుకున్నా అరగంట. అంతకంటే నాకు నచ్చేది, ఏ డెన్‌కు ఆ డెన్ అందరూ అందరితో పోటీపడటం. ఆరుగురున్న డెన్‌లో 15 జంటలు, ప్రతి బిడ్డకూ అయిదుగురు ప్రత్యర్థులు. పక్కలు మారుస్తూ పోయినా గంటలోపు అయిపోతుంది. కిండర్‌గార్టెన్ పిల్లల్ని అయిదో తరగతి వాళ్లతో కలిపే పని కూడా తప్పుతుంది. పెద్ద ప్యాక్ అయితే ఇంకో జత గట్టర్లు కొనండి. పడవ బోల్తాపడితే నిలబెట్టి అక్కడి నుంచే మళ్లీ ఊదచ్చు అన్నది మా నియమం. దీన్ని మొదటి హీట్‌కు ముందే గట్టిగా చదివి వినిపిస్తాను.

చిన్నవి రెండు. స్ట్రాలు పంచుకోనివ్వకండి, ఎవరి పేరు వాళ్ల స్ట్రా మీద టేపుతో అంటించండి. మైకు తీగ గట్టర్ల దగ్గరికి రానివ్వకండి.

అపోహ: బహుమతులు ఇవ్వగానే పని అయిపోయింది.

నీళ్లున్న గట్టర్‌ను ఎత్తబోయి హాలు తడిపేసినవాళ్లు ఉన్నారు. దాన్ని ఎత్తకండి. ఒక గొట్టం నిండా నీళ్లు పట్టి, ఒక కొస గట్టర్‌లో ముంచి, రెండో కొస కింద బకెట్‌లో వదిలితే దానంతటదే ఖాళీ అవుతుంది. మిగిలింది మగ్గులతో తోడచ్చు. ఈ పని పిల్లలకిచ్చి చూడండి, పందెం కంటే ఉత్సాహంగా చేస్తారు. పడవల్ని తడిగా బ్యాగుల్లో కుక్కితే వార్నిష్ కింద బల్సా ఉబ్బి పగులుతుంది. హాలు కిటికీ దగ్గర పాత తువ్వాలు పరిచి, పక్కకు పడుకోబెట్టి ఆరబెడతాం. ఎవరిది వాళ్లు వచ్చే మీటింగ్‌లో తీసుకెళ్తారు.