ఏనుగు మీద ఉప్పు రవ్వను తూచడం

చుట్టూ ఉన్న రొదను రద్దు చేసే హెడ్‌ఫోన్లు వచ్చాయి కదా, మరి వైరులేని పరికరాలు తమ సొంత సంకేతాన్ని రద్దు చేసుకుని, ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఏకకాలంలో పంపుతూ, అందుకుంటూ ఎందుకు ఉండవు అని ఒక పాఠకుడు అడిగారు. పైగా ఒక వాదన కూడా జోడించారు: ఎక్కడి నుంచో వచ్చే రొదకంటే సొంత సంకేతాన్ని తీసివేయడమే సులువు, ఏం పంపుతున్నామో మనకు ముందే తెలుసు గనుక. వినడానికి తిరుగులేని వాదన. అందులోని లొసుగు దగ్గరే ఈ విషయమంతా ఉంది.

రేడియోలు చాలాకాలం ఈ చిక్కును తప్పించుకునే బతికాయి. పంపడానికి ఒక ఫ్రీక్వెన్సీ, అందుకోవడానికి మరొకటి, లేదా వంతులవారీగా. సరే, లెక్కలోకి వెళదాం.

వైఫై పరికరం సుమారు 100 మిల్లీవాట్లు వెదజల్లుతుంది. దాని రిసీవర్‌లో సహజంగా ఉండే రొద పికోవాట్ స్థాయిలో ఉంటుంది. దూరం నుంచి వచ్చే సంకేతం దానికి కాస్త పైన. పంపే శక్తికీ ఈ రొదకూ నిష్పత్తి పదివేల కోట్లు, ఇంజినీర్ల భాషలో 110 డెసిబెళ్లు (ప్రతి 10 డెసిబెళ్లకూ శక్తి పది రెట్లు). 5 టన్నుల ఏనుగు వీపు మీద ఒక ఉప్పు రవ్వ ఉందనుకోండి. రవ్వతో ఒకసారి, రవ్వ లేకుండా ఒకసారి ఏనుగును తూచి, తీసివేసి రవ్వ బరువు చెప్పాలి. ఇంచుమించు అదే నిష్పత్తి. చిన్న తరగతుల్లో తీసివేత నేర్పి, ఇక వచ్చేసిందనుకుంటాం. దాదాపు సమానమైన రెండు పెద్ద సంఖ్యలను తీసివేసినప్పుడు చిన్న పొరపాటే జవాబును మింగేస్తుందన్న సంగతి డిగ్రీ దాకా ఎవరూ చెప్పరు.

మొదటి అడ్డంకి త్రాసే. సంకేతాన్ని అంకెల్లోకి మార్చే పరికరం 12 బిట్లదైతే, ఎంత ఆదర్శంగా పనిచేసినా 74 డెసిబెళ్ల మేర మించి చూడలేదు. ఏనుగు ఎక్కగానే ముల్లు ఆ చివరికి కొట్టుకుంటుంది. ఇక రవ్వ జాడ అంకెల్లోకి చేరనే చేరదు. చేరనిదాన్ని ఏ కంప్యూటరూ వెలికితీయలేదు. కాబట్టి ముల్లు చూసేలోపే రెండో పళ్లెంలో పడికట్టు రాళ్లు పెట్టాలి. అంటే పంపే సంకేతం నుంచి ఒక నకలు తీసి, దాని బలాన్నీ ఆలస్యాన్నీ సరిచేసి, తలకిందులు చేసి, రిసీవర్ ముఖద్వారంలోనే కలపాలి.

ఈ రాళ్లు ఎంత కచ్చితంగా ఉండాలి? శక్తి తరంగం ఎత్తు వర్గాన్ని బట్టి మారుతుంది గనుక, 60 డెసిబెళ్లు తగ్గించాలంటే ఆ ఎత్తులో తేడా వెయ్యింట ఒక వంతుకు మించకూడదు. ఎత్తు అచ్చంగా సరిపోయినా, దశలో, అంటే అలల ఎత్తుపల్లాలు ఒకదానిమీద ఒకటి పడే తీరులో, 0.057 డిగ్రీల తేడా చాలు, ఆ 60 దాటనివ్వదు. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 12.5 సెంటీమీటర్లు గనుక, దారి పొడవులో 20 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక మందం కూడా లేని తేడా! ఫోను వెనక అతికిస్తే రేడియేషన్‌ను రద్దు చేస్తాయని అమ్మే స్టిక్కర్లు చూసినప్పుడల్లా నాకు ఈ 20 మైక్రాన్లే గుర్తొస్తాయి.

పైగా ఇదంతా ఒక్క ఫ్రీక్వెన్సీకి. 2010లో స్టాన్‌ఫర్డ్ బృందం ఒక ముచ్చటైన ఉపాయం చూపింది. పంపే యాంటెన్నాలు రెండు. అందుకునే యాంటెన్నాకు వాటి దూరాల్లో సరిగ్గా అర తరంగదైర్ఘ్యం తేడా. రెండు అలలూ ఎదురెదురై చల్లారిపోతాయి. కానీ అర తరంగదైర్ఘ్యం అన్నది ఫ్రీక్వెన్సీని బట్టి మారుతుంది. 20 మెగాహెర్ట్జ్ వెడల్పున్న చానల్ అంచున తేడా 0.4 శాతమే, అయినా రద్దు 38 డెసిబెళ్ల దగ్గర ఆగిపోతుంది. వెడల్పు 80 అయితే 26 దగ్గరే. అందుకే తర్వాత వచ్చిన సర్క్యూట్లలో రకరకాల ఆలస్యాలున్న అనేక తీగల్లోంచి నకళ్లను పంపి, వాటిని తగు పాళ్లలో కలుపుతారు.

ఇప్పుడు ఆ లొసుగు. మనకు తెలిసింది మనం పంపదలచుకున్నది మాత్రమే. సంకేతం బలాన్ని పెంచే యాంప్లిఫయర్ దాన్ని వంచుతుంది. మూల సంకేతం ఘనమూ, ఐదో ఘాతమూ వచ్చి కలుస్తాయి. ఇవి మూలం కంటే 30 డెసిబెళ్లు తక్కువ ఉన్నా, రొదకంటే ఇంకా 80 ఎక్కువ! ఏనుగు వెనకే గున్న ఏనుగు. దీన్నైనా గణితంతో పట్టుకోవచ్చు. ట్రాన్స్‌మిటర్ తనంతట తాను పుట్టించే యాదృచ్ఛిక రొదను ఏ సమీకరణమూ ఊహించలేదు. ఏనుగు ఒంటి మీది దుమ్ము అది; అదే దుమ్ము రెండో పళ్లెంలోనూ పడేలా చూడటమే దారి. అందుకే నకలును యాంప్లిఫయర్ దాటాక తీయాలి. చాలదన్నట్టు, గదిలో మనిషి కదిలితే ప్రతిఫలనాలు మారతాయి, అంటే ఏనుగు ఊపిరి తీస్తూనే ఉంటుంది. రాళ్లను నిరంతరం సర్దుతూ ఉండాలి.

2013లో అదే స్టాన్‌ఫర్డ్‌లో దినేశ్ భరాడియా, ఎమిలీ మెక్‌మిలిన్, సచిన్ కట్టి ఒకే యాంటెన్నాతో, 80 మెగాహెర్ట్జ్ వెడల్పులో 110 డెసిబెళ్లూ సాధించారు. సగానికి పైగా అంకెల్లోకి మారకముందే, మిగిలింది గణితంతో. సైద్ధాంతికంగా రెట్టింపు కావలసిన సమాచార వేగం 1.87 రెట్లయింది.

ఈ పని చేపలు ఎప్పుడో నేర్చాయి. ఆఫ్రికా నదుల్లోని మార్మిరిడ్ చేపలు బలహీనమైన విద్యుత్ స్పందనలు విడుస్తూ పరిసరాలను పసిగడతాయి. స్పందన విడవమని మెదడు ఇచ్చే ఆజ్ఞ నకలు ఒకటి విద్యుత్ జ్ఞాన కేంద్రానికీ చేరుతుంది. అక్కడ తన స్పందనకు తలకిందుల ప్రతిరూపం తయారై, దాన్ని రద్దు చేస్తుంది. స్పందన ప్రభావం మారితే ప్రతిరూపమూ మారుతుందని కర్టిస్ బెల్ 1981లో చూపారు. పడికట్టు రాళ్లు సర్దుకోవడమే!

మరి మన ఫోన్లలో ఇది ఎందుకు లేదు? టవర్ తన గొంతును అణచుకోగలిగినా, పక్కపక్కన ఉన్న రెండు ఫోన్లలో ఒకటి పంపేది మరొకదాని చెవిలో పడుతుంది. ఆ సంకేతం నకలు రెండో ఫోను దగ్గర ఉండదు, తీసివేయడానికి ఏమీ లేదు. అందుకే 5జీ ప్రమాణాల్లో మధ్యేమార్గం పట్టారు: టవర్ మాత్రమే ఏకకాలంలో రెండు పనులూ చేస్తుంది, అదీ ఒకే బ్యాండులోని వేర్వేరు ముక్కల మీద. కేబుల్ ఇంటర్నెట్‌కు ఇంత బెడద లేదు. దాని డాక్సిస్ 4.0 ప్రమాణంలోని ఒక పద్ధతి 108 నుంచి 684 మెగాహెర్ట్జ్ దాకా రాకపోకలు రెండింటినీ ఒకేసారి నడపనిస్తుంది. తీగలో ప్రతిఫలనాలు గదిలో మనిషి నడిచినప్పుడల్లా మారవు మరి.