ఆ రోజు మిమ్మల్ని దగ్గరికి ఎందుకు రానివ్వలేదంటే

చిన్నీకి, బుజ్జికి అమ్మమ్మ ఆశీస్సులు.

పోయిన నెల పెట్ స్కాన్ (ఒంట్లోపల ఎక్కడేం జరుగుతోందో చూసే పరీక్ష) చేయించుకుని మీ ఇంటికి వస్తే, ఇద్దరూ పరుగెత్తుకుంటూ వచ్చారు. నేను "దూరం, దూరం" అన్నాను. బుజ్జి మొహం చిన్నబోయింది. అది ఇంకా నా మనసులోనే ఉంది. అందుకే ఈ ఉత్తరం.

స్కాన్‌కి ముందు ఫ్లోరిన్-18 కలిపిన గ్లూకోజ్ లాంటి మందు నరంలోకి ఎక్కించారు. దాంట్లోంచి పాజిట్రాన్లు పుడతాయి. పాజిట్రాన్ బరువులో అచ్చం ఎలక్ట్రానే, ఛార్జ్ మాత్రం నెగెటివ్ బదులు పాజిటివ్. యాంటీమ్యాటర్ అంటారే, అదన్నమాట. 1932లో కార్ల్ ఆండర్సన్ కనిపెట్టాడు. ఎలక్ట్రాన్ ఎదురైతే రెండూ మాయమై, వాటి బదులు సాధారణంగా రెండు గామా కిరణాలు, అంటే ఎక్స్-రేల లాంటివే కానీ ఇంకా శక్తి ఎక్కువున్నవి, చెరో దిక్కుకీ దూసుకుపోతాయి. ఒక్కోదాని శక్తి 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు (ఇంత చిన్న కణాల శక్తిని కొలిచే కొలమానం). ఎలక్ట్రాన్ బరువంతా శక్తిగా మారితే వచ్చే లెక్క అది. కొన్ని గంటల పాటు నా ఒంట్లోంచి ఆ కిరణాలు వస్తూనే ఉంటాయని, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దని చెప్పారు.

ఇదే 511 శక్తి ఉన్న గామా వెలుగు మన పాలపుంత నడిమధ్య నుంచి కూడా వస్తోందర్రా! గామా కిరణాల్ని మన గాలి కిందికి రానివ్వదు. అందుకని 1977లో ఆస్ట్రేలియాలోని ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి బెలూన్‌కి జర్మేనియం డిటెక్టర్ (గామా కిరణాల శక్తిని కొలిచే పరికరం) కట్టి పైకి పంపారు. సరిగ్గా 511 శక్తి దగ్గరే కిరణాలు గుంపుగా రావడం స్పష్టంగా దొరికింది. తర్వాత యూరప్ వాళ్ల ఇంటెగ్రల్ ఉపగ్రహం 2002 నుంచి 2025 దాకా చూసింది. అక్కడ సెకనుకి సుమారు 1 పక్కన 43 సున్నాలు పెట్టినన్ని పాజిట్రాన్లు అంతమవుతున్నాయి.

అవన్నీ ఎక్కడ పుడుతున్నాయో ఇంకా తేలలేదు. పెద్ద నక్షత్రాల్లో తయారయ్యే అల్యూమినియం-26 నుంచి కొన్ని వస్తాయి. కానీ అలాంటి నక్షత్రాలు పాలపుంత పళ్లెంలో పరుచుకుని ఉంటాయి, ఈ వెలుగేమో మధ్యలో ఉబ్బిన చోటే ఎక్కువ. పక్క నక్షత్రాన్ని లాగేసుకునే బ్లాక్ హోల్స్ పని అని కొందరు, పేలిన నక్షత్రాలని కొందరు, కంటికి కనబడకుండా బరువు మాత్రం తెలిసే డార్క్ మ్యాటర్ అని ఇంకొందరు. డార్క్ మ్యాటర్ పేరు వినగానే నాకూ ఒళ్లు పులకరిస్తుంది. అయినా ముందు తెలిసిన నక్షత్రాల లెక్క తేల్చాలనే అంటాను. ఆ పనికే కోసీ అనే టెలిస్కోపుని 2027లో పంపాలని నాసా అనుకుంటోంది.

మే నెల సెలవులకి రండి. రాత్రి పదకొండు దాటాక మేడ మీద నుంచి ఆగ్నేయం వైపు ధనూరాశి చూపిస్తాను. పాలపుంత నడిబొడ్డు అటే, 26,000 కాంతి సంవత్సరాల దూరంలో. ఈసారి ఇద్దరూ నా పక్కనే పడుకుని చూడొచ్చు.

మీ అమ్మమ్మ