వేలంపాటలో చోటు దొరకని పాట

విజయనగరానికి మూడు చానళ్లు, శ్రీకాకుళానికి మూడు. ప్రైవేటు ఎఫ్‌ఎం మాట ఎత్తితే మన దగ్గర ముందు వినిపించే లెక్క ఇదే. 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం 234 కొత్త పట్టణాల్లో 730 చానళ్ల వేలానికి ఒప్పుకుంది. ఆంధ్రప్రదేశ్ వాటా 22 పట్టణాలు, 68 చానళ్లు. మన రెండు ఊళ్లూ ఆ జాబితాలో ఉన్నాయి. జముకుల కథో, తప్పెటగుళ్లో, శాస్త్రీయ సంగీతమో రోజంతా వినిపించే చిన్న స్టేషన్ పెట్టుకోవాలనుకునేవాడికి ఇందులో ఏం దక్కుతుంది? ఈ చర్చ మళ్లీ మళ్లీ లేవడానికి కారణం ఆ ప్రశ్నే.

ఆకాశవాణి, వివిధభారతి చరిత్ర అందరికీ తెలిసిందే, దాన్ని వదిలేద్దాం. ఆకాశంలోని తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు చెప్పిన 1995 తీర్పు దగ్గర చాలామంది కథ మొదలుపెడతారు. గొప్ప తీర్పే. కానీ ఆ ఆస్తిని ఎవరికి ఎలా పంచాలన్నది తేలింది పదేళ్ల తర్వాత. మనల్ని ఇప్పటికీ పట్టి ఉంచిన ముడి 2005, 2006 సంవత్సరాల్లో పడింది.

1999లో ప్రైవేటు ఎఫ్‌ఎం మొదటి వేలంలో 40 నగరాల్లో 108 ఫ్రీక్వెన్సీలు పెట్టారు. ఫీజు ఏటా 15 శాతం పెరుగుతుందన్నది షరతు. పాటదారులు ఊపులో పాడేశారు, తర్వాత చాలామంది చేతులెత్తేశారు. 2005 నాటికి మిగిలినవి 12 నగరాల్లో 21 స్టేషన్లు. కంపెనీల గోడు ప్రభుత్వం విన్నది. 2005 జూలైలో పద్ధతి మార్చి, ఒకసారి ప్రవేశ రుసుము, ఆపైన ఆదాయంలో 4 శాతం అంది. ఇందులో తప్పు పట్టడానికేం లేదు. కానీ వేలం మాత్రం వేలంలాగే ఉండిపోయింది. ఎంత ఇస్తావని అడిగారే తప్ప ఏం వినిపిస్తావని అడగలేదు. కోట్లు పోసి కొన్నవాడు అందరూ వినే సినిమా పాటలే వేస్తాడు, వాణ్ణి అని లాభం లేదు. లండన్‌లో ఒకప్పుడు లైసెన్సు లేకుండా నడిచిన కిస్ ఎఫ్‌ఎం 1990లో డ్యాన్స్ సంగీతం స్టేషన్‌గానే అధికారికంగా గాలిలోకి వచ్చింది. ఏం వినిపిస్తావన్నది అక్కడ దరఖాస్తులోనే చూసేవారు.

వేలం ఒక తలుపైతే, రెండో తలుపు 2006 నవంబరులో తెరిచారు. అప్పటిదాకా విద్యాసంస్థలకే పరిమితమైన కమ్యూనిటీ రేడియోను, అంటే ఒక ప్రాంతపు జనం కోసం నడిచే చిన్న స్టేషన్‌ను, స్వచ్ఛంద సంస్థలకూ ఇస్తామన్నారు. దాని వెనక మన తెలుగు ఆడవాళ్ల ఓర్పు చాలా ఉంది. అప్పటి మెదక్ జిల్లా పస్తాపూర్ దగ్గర దళిత మహిళలు 1990ల చివర్లోనే స్టూడియో సిద్ధం చేసుకున్నారు. ట్రాన్స్‌మిటర్‌కు అనుమతి లేదు. చేసేదిలేక కార్యక్రమాలు క్యాసెట్లలో రికార్డు చేసి, సంఘం మీటింగుల్లో టేప్‌రికార్డర్ మధ్యలో పెట్టుకుని విన్నారు. వాళ్ల సంగం రేడియో గాలిలోకి వచ్చింది 2008 అక్టోబరు 15న.

ఆ తలుపు అందరికీ తెరిచింది కాదు. ప్రసార శక్తి 100 వాట్లు, యాంటెన్నా స్తంభం 30 మీటర్లు దాటకూడదు. కనీసం మూడేళ్లుగా నడుస్తున్న లాభాపేక్ష లేని సంస్థ అయి ఉండాలి. వ్యక్తులకు ఇవ్వరు. కార్యక్రమాల్లో వ్యవసాయం, ఆరోగ్యం, చదువు లాంటివి ప్రధానం. ప్రకటనలకు మొదట గంటకు అయిదు నిమిషాలే ఇచ్చారు. 2024లో దాన్ని 12 నిమిషాలు చేశారు, పది సెకన్లకు రేటు 74 రూపాయలు చేశారు. మంచిదే. కానీ పాట కోసమే స్టేషన్ అంటే ఏ గడిలో రాయాలో ఆ మార్గదర్శకాలకు ఇప్పటికీ తెలియదు.

విజయనగరం సంగతే చూడండి. 1919లో మహారాజు సంగీత కళాశాల పెడితే ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్ అయ్యారు. ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడ వయొలిన్ నేర్పారు. ఘంటసాల, సుశీల అక్కడ చదివారు. ఆ వీధిలోని ఒక సంగీతం మాస్టారు సాయంత్రం రెండు గంటలు కచేరీలు ప్రసారం చేయాలనుకుంటే ఆయన కంపెనీ కాదు, స్వచ్ఛంద సంస్థా కాదు. రెండు తలుపులూ ఆయనకు మూతే.

ప్రభుత్వం వైపు వాదన ఉంది. స్పెక్ట్రమ్ (ప్రసారానికి వాడే తరంగాలు) పరిమితం, 2012 ఫిబ్రవరిలో వేలం లేకుండా ఇచ్చిన 2జీ మొబైల్ లైసెన్సులను సుప్రీంకోర్టు రద్దు చేశాక వేలం తప్ప మరో దారి శ్రేయస్కరం కాదన్నది. అయితే అదే ఏడాది సెప్టెంబరులో సుప్రీంకోర్టే సహజ వనరులకు వేలం ఒక్కటే పద్ధతి కాదని చెప్పింది. ఇక కొరత సంగతి: 2016 వేలంలో 92 నగరాల్లో 266 చానళ్లు పెడితే అమ్ముడైనవి 66. మిగిలిన 200 చానళ్లకు పాటదారే రాలేదు.

గట్టిగా అడిగితే తగ్గిన సందర్భమూ ఉంది. 2012లో కమ్యూనిటీ రేడియోల స్పెక్ట్రమ్ ఫీజును ఏటా 19,700 రూపాయల నుంచి 91,000కు పెంచితే, స్టేషన్లన్నీ గోల చేశాక వెనక్కి తీసుకున్నారు. ఇప్పుడు చిన్న స్టేషన్లవాళ్లు అడగాల్సింది ఫీజు తగ్గింపు ఒక్కటే కాదు. చిన్న పట్టణంలో తక్కువ వాట్లు, స్థిరమైన చిన్న రుసుము, ఏం వినిపిస్తారన్నదాన్ని బట్టి ఎంపిక, వ్యక్తులకూ అర్హత: అలాంటి మూడో తరగతి ఒకటి.

ఈలోగా విశాఖ నుంచి హైవే మీద వస్తుంటే రణస్థలం దగ్గరపడేసరికి విశాఖ ఎఫ్‌ఎం గరగరలాడుతుంది. డ్రైవరు రేడియో ఆపేసి పెన్‌డ్రైవ్ గుచ్చుతాడు. అందులో సెల్ షాపులో ఎక్కించుకున్న ఉత్తరాంధ్ర జానపదాలు ఉంటాయి.