వరంగల్ వీకెండ్ ట్రిప్: ఒక గైడ్ వినే అపోహలు, చెప్పే వాస్తవాలు

వరంగల్ చూడ్డానికి వచ్చేవాళ్ల ఫోన్లో ముందే ఒక లిస్టు ఉంటుంది. కోట, వేయి స్తంభాల గుడి, భద్రకాళి, రామప్ప, లక్నవరం చెరువు, వీలైతే పాకాల చెరువు. అన్నీ శనివారమే కావాలి! నా పని సగం ఆ లిస్టు కొట్టేయించడమే.

అపోహ: హైదరాబాద్ నుంచి పొద్దున్నే బయల్దేరితే ఒక్కరోజులో అన్నీ చూసేయొచ్చు.

వాస్తవం: హైదరాబాద్ నుంచి వరంగల్ దాదాపు 150 కిలోమీటర్లు. పాలంపేటలోని రామప్ప ఇంకో 65-70. లక్నవరం కూడా ములుగు వైపే. కోట, వేయి స్తంభాల గుడి, భద్రకాళి మాత్రం ఊళ్లోనే. అందుకే శనివారం ఊరు, ఆదివారం పొద్దున్నే రామప్ప, ఓపిక మిగిలితే లక్నవరం. పాకాలను ఈసారికి వదిలేయండి. రైల్లో వచ్చేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి: హనుమకొండలో బస చేసేవాళ్లకు కాజీపేట స్టేషన్ దగ్గర, కోట చూడాలంటే వరంగల్ స్టేషన్ దగ్గర.

అపోహ: ఏ టైముకు వెళ్లినా శిల్పాలు శిల్పాలే కదా.

వాస్తవం: ఇక్కడే అందరూ నష్టపోయేది. రామప్ప గుడి తూర్పు ముఖంగా ఉంటుంది. చూరు కింద ఏటవాలుగా నిలబెట్టిన మదనికలు, అంటే స్త్రీ శిల్పాలు, నల్లరాతివి. మిట్టమధ్యాహ్నం ఎండ పైనుంచి పడి, చూరు నీడలో వాళ్ల ముఖాలే కనిపించవు. పొద్దున పక్కనుంచి వచ్చే వెలుతురులో చూస్తే మెడలోని హారానికీ ఒంటికీ మధ్య తొలిచిన సందు దాకా తెలుస్తుంది. ఎత్తు మడమల చెప్పులేసుకున్న మదనికను వెతికి పట్టుకోండి, పిల్లలు ఎగిరి గంతేస్తారు. లోపలికి వెళ్తే తల పైకెత్తి కప్పు చూడటం మర్చిపోవద్దు. ఇంకోమాట, గుళ్లలో చెప్పులు బయటే విడవాలి. ఎండాకాలం మధ్యాహ్నం ఆ బండల మీద అడుగు పెట్టలేం. సాక్సులు వెంట తెచ్చుకోండి.

అపోహ: రామప్ప గుడి మొత్తం నీళ్లలో తేలే ఇటుకలతో కట్టారు.

వాస్తవం: తేలే ఇటుకలు శిఖరానికే. బరువు తగ్గించడానికి వాటిని వాడారు. గోడలు ఎర్ర ఇసుకరాయి. కాకతీయ రాజు గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి ఇది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఒక ఇటుక ముక్క నీళ్లలో వేసి చూపించమని అడుగుతుంటారు. గుడిలోంచి ముక్క తీసి ఆడుకోవడానికి నేనైతే ఒప్పుకోను.

అపోహ: వరంగల్ కోటలో నాలుగు తోరణాలు తప్ప ఏమీ లేదు.

వాస్తవం: గోల్కొండలాంటి కోట ఊహించుకుని వస్తే అలాగే అనిపిస్తుంది. ఇక్కడ కోట లోపల ఊరుంది, పొలాలున్నాయి, మనుషులు కాపురాలు చేస్తున్నారు. చుట్టూ మట్టిగోడలు, వాటి లోపల రాతిగోడ. గణపతిదేవుడు మొదలుపెట్టిన ఆ రాతిగోడను రుద్రమదేవి పూర్తి చేయించింది. గేటు దగ్గర దారి నేరుగా లోపలికి పోదు, మెలికలు తిరుగుతుంది. దండెత్తి వచ్చినవాడు ఒక్క ఊపున దూసుకురాకుండా ఆ ఏర్పాటు. కారు దిగి ఆ మలుపుల్లో నడిస్తేనే అది అర్థమవుతుంది. తోరణాలు స్వయంభూ శివాలయానికి నాలుగు దిక్కుల ద్వారాలు. 1323లో ఢిల్లీ సేనలు కోటను పట్టుకున్నాక ఆ గుడి కూలింది, తోరణాలు మిగిలాయి. పక్కనే ఉన్న ఖుష్ మహల్ కాకతీయులది కాదు, తర్వాతి పాలకులది. తోరణాల దగ్గరకు సాయంత్రం నాలుగు దాటాక వెళ్తే ఎండా తగ్గుతుంది, ఫొటోలూ బాగా వస్తాయి.

అపోహ: కోహినూర్ భద్రకాళి అమ్మవారి కన్ను.

వాస్తవం: దానికి శాసనాధారం లేదు. అడిగితే కథగా చెప్తాను, చరిత్రగా చెప్పను.

అపోహ: బోర్డులు చదువుకుంటే చాలు, గైడ్ దండగ.

వాస్తవం: నా పొట్ట కోసం చెప్తున్నా అనుకుంటారేమో. వేయి స్తంభాల గుడి దగ్గర నిజంగానే బోర్డు సరిపోతుంది. 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించాడు, శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ గర్భగుడులు. అది తెలిస్తే మీరే తిరిగి చూడొచ్చు. రామప్పలో మాత్రం గైడ్‌ను పెట్టుకోండి. డబ్బులెంతో ముందే మాట్లాడుకోండి, చివర్లో బేరం ఇద్దరికీ ఇబ్బంది.

అపోహ: చలికాలం ఎప్పుడొచ్చినా హాయిగా ఉంటుంది.

వాస్తవం: రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతర. ఆ వారం ములుగు దారంతా బస్సులు, జీపులే, హోటల్ రూములు దొరకవు. జాతరకే వస్తామంటే రండి, సంతోషం. రామప్ప కోసమైతే తేదీ మార్చుకోండి.