బేలు మీద చీటీ, కార్డు మీద అంకె

చిన్నోడా, చిట్టీ, ఇద్దరికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న వీడియో కాల్లో చిన్నోడు ఒక ప్రశ్న అడిగాడు. "తాతయ్యా, నా దగ్గరున్న బాస్కెట్‌బాల్ కార్డే మా ఫ్రెండ్ దగ్గరా ఉంది. అదే ప్లేయరు, అదే ఏడాది, అదే బొమ్మ. వాడిది ప్లాస్టిక్ డబ్బాలో ఉంది, పైన 10 అని రాసుంది, అంతే. దానికి అంత రేటేంటి, నాదానికి ఇంతేనా?" అని. అప్పటికి అమ్మమ్మ భోజనానికి పిలుస్తోందని జారుకున్నాను గానీ ప్రశ్న మాత్రం బుర్రలో ఉండిపోయింది. మీ నాన్నతో మాట్లాడి, నెట్లో దొరికింది చదువుకుని ఇప్పుడు రాస్తున్నాను. దీనికి పెద్ద ఎకనామిక్స్ ఏమీ అక్కర్లేదురా, పొగాకు తెలిస్తే చాలు.

నవ్వకండి. మాది ఒంగోలు పక్క, పొగాకు తప్ప ఇంకోటి తెలియని ఊరు. బ్యారన్‌లో, అంటే వేడి పెట్టి ఆకు ఆరబెట్టే కొట్టులో, కాల్చిన ఆకు పసుపుకొమ్ము రంగులో బయటికొచ్చాక అసలు పని మొదలయ్యేది. పాకలో ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఆకులు ఏరేవాళ్ళు, మా నాయనమ్మ పక్కన నేనూ కూర్చునేవాణ్ణి. మచ్చలేని నిమ్మపండు రంగు ఆకు ఒక కుప్ప, కాస్త ఎర్రబారింది ఇంకో కుప్ప, చిరిగిందీ మాడిందీ వేరే కుప్ప. నా కంటికి అన్నీ ఒకటే ఆకు. ఆవిడ మాత్రం ఒక్కోదాన్నీ తలుపు దగ్గర వెలుతురుకి పట్టి, వేళ్ళతో ఒకసారి రాసి చూసి, ఠక్కున ఏదో ఒక కుప్పలో వేసేది. ఆ జిగురు చేతులకి నల్లగా పట్టేసి, సబ్బుతో రుద్దినా పోయేది కాదు, అన్నం కలిపితే ముద్ద చేదు. మీకు చెబుతున్నాను గానీ ఆ ఆకు మీరు ముట్టుకోవద్దు, ఏ రూపంలోనూ. ఆ చేదు రుచి చూసినవాణ్ణి గనక చెప్పే హక్కు నాకుంది.

ఇంతకీ అమ్మకం దగ్గరే తగాదా. రైతు "ఇది మేలు రకం" అంటాడు, కొనడానికొచ్చిన కంపెనీ బయ్యరు "నాసి" అంటాడు. గ్రేడు చెప్పేది వాడే, ధర చెప్పేదీ వాడే అయితే ఇంక మా నాన్నలాంటి వాళ్ళకి మిగిలేదేముంది? 1976లో గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు వచ్చింది, 1980ల మధ్యకి వేలం కేంద్రాలు వచ్చాయి. బేళ్ళు, అంటే కట్టిన ఆకు మూటలు, వరసగా పెడతారు. బోర్డు మనిషి వచ్చి ఆకు తీసి చూసి గ్రేడు వేస్తాడు, ఆ తరవాతే బయ్యర్లు పాట పాడతారు. నచ్చక ఎవరూ పాడకపోతే దాన్ని నోబిడ్ అంటారు, బేలు ఇంటికి. గ్రేడు చీటీ అంటించినంత మాత్రాన ఆకు పిసరంత కూడా బాగుపడదు. అయినా దాన్ని బట్టే పాట మొదలవుతుంది, ఎందుకంటే ఆ చీటీ రాసినవాడు అమ్మేవాడూ కాదు, కొనేవాడూ కాదు.

మీ అమెరికాలో ఆ కార్డులకి అంకె వేసే కంపెనీలు చేసేదీ అదే పని. పూర్వం అమ్మేవాడు "కొత్తదానిలా ఉంది" అనేవాడు, కొనేవాడు "మూల అరిగింది" అనేవాడు. 1991లో కాలిఫోర్నియాలో పీఎస్ఏ అనే కంపెనీ మొదలైంది. అంతకుముందు పాత నాణేలకి గ్రేడు వేసే కంపెనీ నడిపినవాళ్ళే దీన్నీ పెట్టారు. తరవాత ఎస్‌జీసీ, 1999లో బెకెట్ వాళ్ళదీ వచ్చాయి. నువ్వు కార్డు పంపిస్తే ముందు అది అసలుదా నకిలీదా చూస్తారు. తరవాత నాలుగు సంగతులు చూస్తారు: బొమ్మ మధ్యలో అచ్చయ్యిందా, ఓ పక్కకి జరిగిందా, నాలుగు మూలలూ పదునుగా ఉన్నాయా, అంచులు చిట్లాయా, పైన గీతలూ మరకలూ ఉన్నాయా. చూసి ఒకటి నుంచి పది దాకా ఒక అంకె వేసి, మళ్ళీ తెరవడానికి వీల్లేకుండా ప్లాస్టిక్ డబ్బాలో అతికించేస్తారు. మీవాళ్ళు దాన్ని స్లాబ్ అంటారట. ఇక్కడ స్లాబ్ అంటే మేడ మీద పోసేది. సర్లే.

ఇప్పుడు మైకేల్ జోర్డాన్ సంగతి చూడండి. 1986లో ఫ్లీర్ కంపెనీ వేసిన కార్డు, దాని అంచులకి రంగులుంటాయి. రంగు అంచుకి ఏ చిన్న దెబ్బ తగిలినా కింద తెల్ల అట్ట బయటపడుతుంది, బొమ్మ సరిగ్గా మధ్యలో కూర్చున్నవీ తక్కువే. అందుకే ఇన్నేళ్ళలో వేల కార్డులు పీఎస్ఏకి వెళితే పది వచ్చినవి మూడు వందల పైచిలుకే. 2021 జనవరిలో పది అంకె ఉన్న ఆ కార్డు వేలంలో 7,38,000 డాలర్లు పలికింది. తొమ్మిది వచ్చినదానికి మామూలుగా అందులో పదో వంతు దరిదాపుల్లో వస్తుంది. రెండూ పక్కపక్కన పెడితే నీకూ నాకూ తేడా కనపడదు, భూతద్దం కావాలి.

ఒక్క అంకెకి అంత తేడానా అంటావు. మళ్ళీ వేలం కేంద్రానికే రా. మామూలుగా మేలు రకానికీ తరవాతి రకానికీ కిలోకి కొద్ది రూపాయలే తేడా. కానీ సీజను మొత్తానికి ఒక్క మచ్చ కూడా లేని బేళ్ళు మూడు వందలే వచ్చాయనుకో, లోపల ప్రపంచమంతా తిరిగే కోటీశ్వరులు వేలమంది నిలబడి "నాకదే కావాలి, రెండో రకం వద్దు" అని పంతం పట్టారనుకో, పాట ఎక్కడిదాకా పోతుంది? ఇంకో సంగతి, ఏ కార్డుకి ఏ అంకె ఎన్నిసార్లు ఇచ్చారో ఆ కంపెనీలే లెక్క కట్టి బయట పెడతాయి. అంటే చీటీ ఆకు మంచిదని చెప్పడంతో ఆగదు, ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో కూడా చెబుతుంది. ధర పెంచేది ఆ రెండోదే ఎక్కువ అని నాకనిపిస్తుంది. 1989లో అప్పర్ డెక్ కంపెనీ వేసిన కెన్ గ్రిఫీ జూనియర్ బేస్‌బాల్ కార్డు చూడు, అదీ పేరున్న కార్డే, దానికీ పది వస్తుంది, కానీ అలాంటి పదులు వేలల్లో ఉన్నాయి. అందుకే జోర్డాన్ పది వెళ్ళిన ఎత్తుకి అది వెళ్ళదు. ఈ మధ్య వచ్చే కొత్త కార్డులు ప్యాకెట్లోంచి తీయగానే జాగ్రత్త పెట్టేస్తున్నారు గనక వాటికి పది రావడం పెద్ద వింతేం కాదు, తొమ్మిది వచ్చిందంటే ఒక్కోసారి పంపిన ఖర్చులు కూడా తిరిగి రావు.

ఇక మోసం. మా ఊళ్ళో కొందరు బేలు పైనా కిందా మంచి ఆకు పేర్చి, మధ్యలో నాసి ఆకు దోపేవాళ్ళు. కార్డుల్లోనూ అంతే. 1909 నుంచి 1911 దాకా అమెరికాలో సిగరెట్ పెట్టెల్లో బేస్‌బాల్ ఆటగాళ్ళ కార్డులు వేసేవాళ్ళు (చూశారా, మీ కార్డులూ మా పొగాకులోంచే పుట్టాయి!). వాటిలో హోనస్ వాగ్నర్ కార్డు ఒకటి, ఇప్పుడు దొరికేవి అయిదారు పదులే. అందులో బాగా పేరుమోసినదాన్ని 1991లో ఐస్ హాకీ ఆటగాడు వేన్ గ్రెట్స్కీ ఇంకొకాయనతో కలిసి 4,51,000 డాలర్లకి కొన్నాడు. పీఎస్ఏ మొట్టమొదట గ్రేడు వేసిన కార్డు అదే, ఎనిమిది ఇచ్చారు. 2007లో 28 లక్షల డాలర్లకి చేతులు మారింది. 2013లో బిల్ మాస్ట్రో అనే పెద్ద వేలందారు కోర్టులో ఒప్పుకున్నాడు, ఆ కార్డు అంచులు తనే కత్తిరించి పదును చేశానని! కత్తిరించిన కార్డుకి అంకె వేయకూడదన్నది వాళ్ళ రూలే. మరి మొదటి చీటీయే అలా అయింది.

అంకె వేసేది మనిషి కన్ను కదా. పొద్దున చూసిన ఆకు సాయంత్రం ఇంకో రంగులో కనపడుతుందని నాయనమ్మ అనేది, అందుకే మబ్బు పట్టిన రోజు మేలు రకం కుప్ప ముట్టుకునేది కాదు. తొమ్మిది వచ్చిన కార్డుని డబ్బా పగలగొట్టి బయటికి తీసి, ఈసారైనా పది రాకపోతుందా అని మళ్ళీ పంపేవాళ్ళు మీ దగ్గర బోలెడుమంది ఉన్నారట. అదే కార్డు, ఇంకో రోజు, ఇంకో కన్ను. పది అన్న అంకెకి కూడా ఏ కంపెనీ వేసిందన్నదాన్ని బట్టి రేటు మారుతుంది. ఇంకో సంగతి నాకు అస్సలు నచ్చలేదు. కార్డు ఖరీదు పెరిగేకొద్దీ గ్రేడు వేసే ఫీజూ పెరుగుతుందట. తూకం వేసేవాడికి సరుకు ధరలో వాటా ఎందుకు? మోసం చేస్తారని కాదు, కానీ నాయనమ్మ వింటే ఊరుకునేది కాదు.

2021లో ఈ పిచ్చి ఎంత ముదిరిందంటే, కార్డులు లక్షల్లో వచ్చి పడిపోయి పీఎస్ఏ చాలా సర్వీసులు కొన్నాళ్ళు ఆపేసింది. జోర్డాన్ పది రేటు కూడా ఆ తరవాత సగానికి బాగా కిందికి పడిపోయింది. డబ్బాలో కార్డు అలాగే ఉంది, అంకె కూడా అలాగే ఉంది, పాట పాడేవాళ్ళే పలచబడ్డారు. ధర ఎక్కడుంటుందిరా మరి, కార్డులోనా, డబ్బాలోనా, పాడేవాడి నోట్లోనా? పొగాకు ఏ ఏడు ఎందుకు లేచిందో, ఎందుకు పడిందో మా నాన్న పొలం అమ్మేసేదాకా ఎవరూ తేల్చి చెప్పలేదు. నేను మాత్రం ఏం చెప్పగలను?

చిన్నోడా, నీ కార్డు పంపించాలని తొందర పడకు. పీఎస్ఏకి అయితే ఒక్కోదానికి ఇరవై డాలర్ల పైనే అవుతుంది, పోస్టు ఖర్చు వేరే. అయిదు డాలర్ల కార్డుకి అది దండగ. ముందు నువ్వే నాయనమ్మవి కా. పొద్దున కిటికీ పక్కన కూర్చుని, లైటు వెయ్యకుండా, కార్డుని కాస్త వంచి పట్టుకుని చూడు, గీతలుంటే వెలుతురు వాటి మీద తట్టుకుంటుంది. స్కేలు పెట్టి ఎడమ పక్క అంచు ఎంతుంది, కుడి పక్క ఎంతుంది కొలువు. మూలలకి భూతద్దం పెట్టు, ఫోన్ కెమెరా జూమ్ చేసినా సరే. ఒక అంకె అనుకుని కాగితం మీద రాసి మడిచిపెట్టు. చిట్టీ, నువ్వు వాడి కాగితం చూడకుండా నీ అంకె నువ్వు రాయి. ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఇద్దరివీ విప్పి చదవండి. ఇద్దరికీ వేర్వేరు అంకెలు వస్తే కొట్టుకోకండి, ఎందుకలా వచ్చిందో నాకు చెప్పండి.

ఇట్లు,
మీ తాతయ్య